పాతుకుపోయిన నమ్మకాన్ని సడలించడం ఎలా: ఒక నోటుబుక్కు, ఆరు వారాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చదువుకో ఉద్యోగానికో విశాఖకూ హైదరాబాదుకూ వెళ్ళినవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "రోజూ ధ్యానం చేస్తున్నాను, మంచి మాటలు అనుకుంటున్నాను, అయినా నలుగురిలో నోరు విప్పవలసి వచ్చేసరికి నా యాస విని నవ్వుతారన్న భయమే ముందు వస్తోంది. దాన్ని లోపలి నుంచి తీసేయడం ఎలా?" యాసకు బదులు కొందరు ఇంగ్లీషు అంటారు, కొందరు ఒంటి రంగు అంటారు, మరికొందరు ఇంట్లో డబ్బు లేకపోవడం అంటారు. ప్రశ్న తీరు మాత్రం మారదు. విడివిడిగా జవాబు చెప్పేటప్పుడు ప్రతిసారీ ఏదో ఒకటి మరచిపోతున్నాను కనుక, మొత్తం పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. యాస గురించిన భయాన్నే చివరి వరకూ ఉదాహరణగా తీసుకుంటాను. మీ విషయం వేరైతే ఆ చోట దాన్ని పెట్టుకోండి.

నేను వైద్యుణ్ణి కాను. ఈ పద్ధతిని ముందు నా మీద ప్రయోగించుకుని, తర్వాత అడిగినవారికి చెబుతూ వచ్చినవాణ్ణి మాత్రమే.

ఉపచేతన అనే మాటకు ఇక్కడ ఒకటే అర్థం తీసుకోండి: చిన్నప్పటి నుంచి విన్న మాటల వల్లా తిన్న దెబ్బల వల్లా లోపల తయారై, మనం పిలవకుండానే ముందుకు వచ్చే వాక్యం. 1960లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు తన దగ్గరకు వచ్చేవారి మనసులో ఇటువంటి వాక్యాలు రెప్పపాటులో మెరిసి మాయమవుతున్నాయని గమనించి, వాటిని పట్టుకుని పరీక్షించే చికిత్సను రూపొందించాడు. కింది దశల్లో సగానికి మూలం అదే. శ్వాసను గమనిస్తూ కూర్చోవడం మనకు అంతకంటే ఎంతో పాతది. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీదా, రామతీర్థం దగ్గర గురుభక్తుల కొండ మీదా ఆరామాలు కట్టుకున్న భిక్షువులకు అది నిత్యకృత్యం. సిద్ధాంతం ఇంతటితో చాలు.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక

బతకాలని లేదన్న ఆలోచన వస్తున్నవారు, ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నవారు, రెండు వారాలకు పైగా నిద్ర, తిండి, పని మూడూ దెబ్బతిన్నవారు దీన్ని ఒంటరిగా చేయకూడదు. ముందు మానసిక వైద్యులను కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఇప్పటికే మందులు వాడుతున్నవారు ధ్యానం మొదలుపెట్టామని వాటిని ఆపవద్దు.

అలాగే ప్రతి భయమూ తప్పుడు నమ్మకం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రిని చూసినవారికి ఈనాటికీ గాలి హోరుకు గుండె బిగుసుకుంటే, అది శరీరం గుర్తుపెట్టుకున్న అనుభవం. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఉంటూ తమకూ అది వస్తుందేమోనని భయపడేవారు చేయించుకోవలసింది రక్తపరీక్ష. వారిని కళ్ళు మూసుకుని కూర్చోమనడం అన్యాయం. ఈ పద్ధతి మన గురించి మనమే మోస్తున్న తీర్పుల కోసం.

కావలసినవి

- రెండు వందల పేజీల గీతల నోటుబుక్కు, ఒక కలం. ఫోనులో రాయవద్దు, రాస్తుండగానే ఏదో ఒక సందేశం వచ్చి మిమ్మల్ని లాక్కుపోతుంది.
- రోజుకు 25 నిమిషాలు: పది నిమిషాలు కూర్చోవడానికి, పదిహేను నిమిషాలు రాయడానికి.
- ఎవరూ తలుపు కొట్టని చోటు. ఇల్లు చిన్నదైతే మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చున్నా సరిపోతుంది.
- ఒకే ఒక్క నమ్మకం. ఒకేసారి అయిదు పట్టుకున్నవారు రెండో వారం దాటడం నేను చూడలేదు.

1. మొదటి వారం: భావానికి సరైన పేరు పెట్టండి

ఈ వారమంతా ఏదీ మార్చడానికి ప్రయత్నించకండి. రోజులో మనసు కలత పడిన రెండు సందర్భాలను ఎంచుకుని, ఒక్కోదానికి నాలుగు సంగతులు రాయండి: ఏం జరిగింది, ఏ భావం కలిగింది, అది ఒంట్లో ఎక్కడ తెలిసింది, పదికి ఎంత తీవ్రంగా ఉంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు "టెన్షన్" అని రాసి ఊరుకోవడం. టెన్షన్ అనేది సంచి పేరు, అందులో ఉన్న సరుకు పేరు కాదు. మన భాషలో ఈ సరుకుకు మంచి పేర్లు ఉన్నాయి: బెరుకు, జంకు, చిన్నతనం, ఉక్రోషం, కినుక, బెంగ, దిగులు, నొచ్చుకోవడం, అసూయ, అవమానం. యాస విషయంలో చాలామంది మొదట "భయం" అని రాసి, మూడో రోజుకు దాన్ని కొట్టివేసి "చిన్నతనం" అని రాస్తారు. అక్కడే పని మొదలవుతుంది, ఎందుకంటే భయానికి చేయవలసిన పని వేరు, చిన్నతనానికి చేయవలసిన పని వేరు.

పేరు పెట్టడం వల్ల లాభమేమిటని అడిగేవారికి ఒక్క మాట. 2007లో కాలిఫోర్నియాలో మాథ్యూ లీబర్‌మన్ బృందం, భావాలు కనబడే ముఖచిత్రాలను చూస్తూ ఆ భావానికి పేరు పెట్టినవారి మెదడులో, భయానికి వెంటనే స్పందించే అమిగ్డలా అనే భాగం ఉద్ధృతి తగ్గడాన్ని స్కానింగులో చూసింది. పొందూరులో పత్తిని ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసిన తర్వాతే ఏకడానికీ వడకడానికీ తీసుకుంటారు. దువ్వని పత్తితో సన్నని నూలు రాదు. పేరు పెట్టడం ఆ దువ్వడం లాంటిది, అందుకే ఈ వారాన్ని దాటవేయవద్దు.

ఒంట్లో ఏమీ తెలియడం లేదనేవారు దవడ, గొంతు, భుజాలు, పొట్ట ఈ నాలుగు చోట్లనే చూడండి. దవడ బిగించి ఉండటం చాలామందికి దాన్ని వెతికిన తర్వాతే తెలుస్తుంది.

2. మొదటి వారం నుంచి చివరి వరకూ: పది నిమిషాలు కూర్చోవడం

వెన్ను నిటారుగా, భుజాలు వదులుగా ఉంచి కూర్చోండి. నేల మీద కూర్చోలేనివారు కుర్చీలో కూర్చుని పాదాలు నేలకు ఆనించండి. మామూలుగా శ్వాస తీసుకుంటూ, బయటికి విడిచే ప్రతి శ్వాసకూ ఒక అంకె చొప్పున ఒకటి నుంచి పది వరకూ లెక్కపెట్టి, మళ్ళీ ఒకటికి రండి. లెక్క తప్పితే ఒకటి దగ్గర మొదలుపెట్టండి. ఇంతకు మించి ఏమీ లేదు.

"ఆలోచనలు ఆగడం లేదు" అనేది నాకు వచ్చే రెండో ప్రశ్న. ఆగవు, ఆగనక్కరలేదు. లెక్క తప్పిందని గమనించి తిరిగి రావడమే ఇక్కడ సాధన. పది నిమిషాల్లో ముప్పై సార్లు తప్పి ముప్పై సార్లు తిరిగి వస్తే, మీరు ముప్పై సార్లు సాధన చేసినట్టు. రేపు పెద్ద సమావేశంలో పాత వాక్యం మెరిసినప్పుడు దాన్ని పట్టుకోగలగడానికి కావలసింది సరిగ్గా ఈ గమనింపే. వెలుగులు కనబడటం, ఒళ్ళు తేలికపడటం వంటివి వస్తే రానివ్వండి, రాకపోతే వెతకవద్దు.

కళ్ళు మూసుకోగానే గుండెదడ, ఉక్కిరిబిక్కిరి కలిగేవారు కళ్ళు తెరిచి ఎదురుగా నేల మీద ఒక చోటును చూస్తూ చేయండి. అప్పటికీ తగ్గకపోతే కూర్చోవడం మానేసి నడవండి: విజయనగరంలో పెద్ద చెరువు గట్టు మీదో, మీ ఊరి కాలువ గట్టు మీదో, తెల్లవారుజామున, ఫోను ఇంట్లో వదిలి, అడుగులను పది పది చొప్పున లెక్కపెడుతూ. ఫలితంలో తేడా ఉండదు. రాత్రి భోజనం తర్వాత మాత్రం కూర్చోవద్దు. అది కునుకుపాటే అవుతుంది.

3. రెండో వారం: వాక్యాన్ని మీ ఇంటి భాషలోనే పట్టుకోండి

మొదటి వారం రాసినవాటిలో మళ్ళీ మళ్ళీ వచ్చిన ఒక సందర్భాన్ని తీసుకుని, దాని కింద "అలా అయితే ఏమవుతుంది?" అన్న ప్రశ్న వేసుకుంటూ పోండి. ఇక కిందికి పోవడానికి లేదనిపించే వరకూ ఆగవద్దు.

నేను కట్టుబడి ఉన్న ఒక నియమాన్ని ఇక్కడ మీకూ చెబుతున్నాను: ఈ జవాబులను పుస్తకాల తెలుగులో రాయకండి. "నాకు ఆత్మవిశ్వాసం కొరవడింది" అని ఏ తల్లీ ఏ మేష్టారూ మీతో అనలేదు. ఆ వాక్యం ఏ భాషలో లోపలికి దిగిందో ఆ భాషలోనే దొరుకుతుంది. యాస భయం ఉన్నవారి నోటుబుక్కులో అది ఇలా సాగుతుంది:

"నాను మాట్నాడితే నవ్వీస్తారు." అలా అయితే ఏమవుతుంది? "ఈడేటి ఇలగ మాట్నాడతన్నాడు అనుకుంటారు." అనుకుంటే? "నన్ను పల్లెటూరోడని పక్కనెట్టీస్తారు." పెడితే? "మనలాటోల్లకి ఇంతకన్నా ఏటొస్తాది."

ఆఖరి వాక్యం రాసేటప్పుడు గొంతు పట్టినట్టయినా, కళ్ళు చెమ్మగిల్లినా, రాయకుండా లేచిపోదామనిపించినా మీరు సరైన చోటికే వచ్చారని అర్థం. ఏ స్పందనా లేకపోతే ఇంకా అందంగా రాస్తున్నారన్నమాట. మర్నాడు మళ్ళీ ప్రయత్నించండి.

దొరికిన వాక్యం పక్కన, దాన్ని ఇప్పుడు నూటికి ఎంత నమ్ముతున్నారో వేసి తేదీ రాయండి. చివర్లో దీనితోనే పోల్చుకోవాలి.

4. వాక్యం ఎక్కడ మొదలైందో ఒక్క పేజీ, ఒక్కసారి

ఈ మాట మొదట ఎవరి నోట విన్నారు, ఏ వయసులో, ఎక్కడ? పదిహేను నిమిషాలు గడియారం పెట్టుకుని రాసి ఆపండి. దీన్ని తవ్వుకుంటూ వారాలు గడిపితే తల్లిదండ్రుల మీద కోపం పెరగడం తప్ప వాక్యం కదలదు. రాస్తుండగా హింస, లైంగిక వేధింపు వంటివి గుర్తుకు వస్తే వెంటనే నోటుబుక్కు మూసి, ఆ విషయాన్ని నిపుణుల దగ్గరే తెరవండి.

5. మూడో వారం: వాక్యాన్ని రెండు ముక్కలు చేయండి

ఈ వ్యాసంలో మీరు ఒక్క దశనే గుర్తుంచుకుంటారనుకుంటే అది ఇదే కావాలి.

ఇటువంటి నమ్మకాలన్నిటిలో రెండు ముక్కలు ఉంటాయి. మొదటిది, ఏం జరుగుతుందో చెప్పేది: "నవ్వుతారు." రెండోది, జరిగితే నా గతి ఏమిటో చెప్పేది: "ఇక నేను తలెత్తుకోలేను." మనం సాధారణంగా మొదటి ముక్కతో పోట్లాడతాం, ఎవరూ నవ్వరని మనకు మనమే చెప్పుకుంటాం. కానీ కొందరు నిజంగానే నవ్వుతారు. సినిమాలు మన యాసను ఏళ్ళ తరబడి హాస్యానికే వాడుకున్నాయి. ఆ అలవాటు కార్యాలయాల్లోనూ ఉంది. లేదని బుకాయిస్తే మనసు ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే దాని తెలివి. రెండో ముక్క సంగతి వేరు. దాన్ని ఎవరూ ఎప్పుడూ పరీక్షించలేదు, మీతో సహా.

పేజీని మధ్యలో గీత గీసి విడదీయండి. ఎడమవైపు రెండో ముక్కను బలపరిచే సంఘటనలు, కుడివైపు దానికి ఎదురుగా నిలిచేవి. సంఘటనలు మాత్రమే రాయాలి, అభిప్రాయాలు కావు. "అందరూ నన్ను తక్కువగా చూస్తారు" అనేది అభిప్రాయం. "ఇంటర్వ్యూలో నేను 'ఏటండి' అనగానే ఒకరు నవ్వారు, మిగిలిన ఇద్దరు తర్వాతి ప్రశ్న అడిగారు" అనేది సంఘటన. కుడివైపు ఖాళీగా ఉందని దిగులుపడేవారు మిమ్మల్ని బాగా ఎరిగిన అక్కనో స్నేహితుణ్ణో అడగండి; అవమానం తర్వాత కూడా మీరు చేసుకొచ్చిన పనులు వారికి మీకంటే బాగా గుర్తుంటాయి.

6. కొత్త వాక్యం: మనసు ఒప్పుకునేంతే

కొన్నేళ్ళ క్రితం నేను "నాకు ఏ భయమూ లేదు" అని నెలరోజులపాటు రోజుకు నూట ఎనిమిది సార్లు రాశాను. నెల చివర ఒక సమావేశంలో లేచి నిలబడగానే గొంతు పూడుకుపోయింది. పైగా "ఇంత రాసినా పోలేదంటే ఇక నేను బాగుపడను" అనే రెండో నమ్మకం కొత్తగా వచ్చి చేరింది. నా ఒక్కడి దురదృష్టం అనుకున్నాను కానీ, కెనడాలో జోవాన్ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో, తమ మీద తమకు గౌరవం తక్కువగా ఉన్నవారు "నేను ప్రేమకు పాత్రుడైన మనిషిని" వంటి మాటను పదే పదే అనుకున్నప్పుడు వారి మనఃస్థితి మెరుగుపడకపోగా మరింత తగ్గింది. ఎవరికి ఆ మాట అవసరమో వారి మీదే అది ఎదురు తిరిగిందన్నమాట.

కాబట్టి కొత్త వాక్యాన్ని తలకిందులు చేసి రాయకండి, సడలించి రాయండి. "నవ్వితే నవ్వనీ, నాను సెప్పాల్సింది సెప్పీసే కూర్చుంటాను" అనే వాక్యాన్ని మీరు పదికి ఆరు పాళ్ళు నమ్మగలిగితే అది పనికొస్తుంది. ఆరు కంటే తక్కువైతే ఇంకాస్త తగ్గించండి: "ఒకరు నవ్వినా మొదటి రెండు వాక్యాలు పూర్తి చేయగలను." దీన్ని రోజుకు వందసార్లు వల్లించనక్కరలేదు, కూర్చోవడం పూర్తయ్యాక ఒకసారి, పరీక్షకు వెళ్ళే ముందు ఒకసారి చాలు.

నిద్రలో వింటే 21 రోజుల్లో ఉపచేతన మారిపోతుందని అమ్మే ఆడియోలకు డబ్బు పెట్టవద్దని నా సలహా. ఇక్కడ ఇరవై ఒకటి అనే అంకెకు ఏ మహిమా లేదు. రోజూ ఒక పండు తినడం, మంచినీళ్ళు తాగడం వంటి తేలిక అలవాట్ల మీదే లండన్ పరిశోధకులు 96 మందితో చేసిన అధ్యయనంలో, అలవాటు స్థిరపడటానికి పట్టిన కాలం 18 నుంచి 254 రోజుల వరకూ ఉంటుందన్న అంచనా వచ్చింది. మధ్యస్థంగా 66 రోజులు. ఆరు వారాలు అన్నది పాత వాక్యం సడలడం తెలియడానికే.

7. నాలుగో వారం నుంచి ఆరో వారం వరకూ: చిన్న పరీక్షలు

నోటుబుక్కులో మారిన నమ్మకం వీధిలో మారినట్టు కాదు. వారానికి మూడు పరీక్షలు పెట్టుకోండి, తేలికైనదాని నుంచి కష్టమైనదానికి. మన ఉదాహరణలో అవి ఇలా ఉండవచ్చు: ఆర్టీసీ కాంప్లెక్సులో విచారణ కిటికీ దగ్గర, వెనక మనుషులు ఉండగా, మీ యాసలోనే ఒక వివరం అడగడం, కార్యాలయంలో టీ తాగేటప్పుడు మీ ఊరి సంగతి ఒకటి మీ మాటల్లోనే చెప్పడం, చివరికి సమావేశంలో ఒక ప్రశ్న అడగడం.

వెళ్ళే ముందు రాయండి: ఏం జరుగుతుందని భయం, అది జరిగే అవకాశం నూటికి ఎంత, జరిగితే ఎంతసేపు కుంగిపోతాను. వచ్చిన గంటలోపు రాయండి: నిజంగా ఏం జరిగింది, ఎంతసేపు బాధపడ్డాను. మర్నాటికి వాయిదా వేస్తే పాత నమ్మకం రాత్రికి రాత్రే జ్ఞాపకాన్ని తనకు అనుకూలంగా దిద్దుకుంటుంది.

ఇక్కడ కనబడకుండా దెబ్బతీసేవి కాపుదల పనులు. అంటే అవమానం తప్పించుకోవడానికి మనకు తెలియకుండా చేసేవి: మాటను ముందే పదిసార్లు వల్లించుకోవడం, గొంతు తగ్గించి చెప్పడం, ప్రతి వాక్యం మధ్యలో ఇంగ్లీషులోకి జారుకోవడం, ఎవరికంటే ముందు మనమే మన యాస మీద జోకు వేసుకోవడం. వీటితో పరీక్ష గట్టెక్కితే మనసు ఆ ఘనతను వాటికే ఇస్తుంది, మీకు ఇవ్వదు. ఒక్కో పరీక్షలో ఒక్కో కాపుదల పనిని వదిలిపెట్టండి.

నిజంగానే ఎవరైనా నవ్వితే? పరీక్ష విఫలమైందనుకోవద్దు, మీరు అసలు పరీక్షించదలచిన రెండో ముక్కకు అప్పుడే సమాధానం దొరుకుతుంది. పాదాలు నేలకు ఆనించి, ఒక శ్వాస నెమ్మదిగా విడిచి, లోపల "చిన్నతనం, గొంతులో, ఏడు" అని పేరు పెట్టి, వాక్యం పూర్తి చేయండి. నవ్వు హద్దు దాటి వేధింపుగా మారుతుంటే అది మీ నమ్మకం సమస్య కాదు, అక్కడి మనుషుల నడవడి సమస్య. పైవారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

ఫలితం ఎలా తెలుస్తుంది?

ప్రశాంతంగా అనిపించడాన్ని కొలతగా పెట్టుకోకండి. బాగా నిద్రపట్టిన రోజున ఎవరికైనా ప్రశాంతంగానే ఉంటుంది. ప్రతి ఆదివారం ఈ మూడింటిని చూడండి.

మొదటిది, రెండో వారంలో నూటికి ఇంత అని వేసిన పాత వాక్యం మీద ఇప్పటి అంకె. తొంభై నుంచి అరవైకి వస్తే పని జరుగుతున్నట్టే. సున్నా రావాలని పట్టుపట్టవద్దు, నాది ఈనాటికీ ఇరవై దగ్గర ఉంది. రెండోది, నొచ్చుకున్న తర్వాత తేరుకోవడానికి పట్టిన సమయం: మూడు రోజులు పట్టేది ఒక పూటలో తీరితే అది పెద్ద మార్పు. మూడోది, ఆ వారం ఆ నమ్మకం వల్ల తప్పించుకున్న పనుల సంఖ్య. ఇంట్లో ఒకరిని కూడా అడగండి, కానీ "నేను మారానా?" అని కాదు, "ఈమధ్య నేను దేనికైనా వెనకాడటం మానేశానా?" అని అడగండి.

ఆరో వారానికి మూడు అంకెల్లో ఒక్కటీ కదలకపోతే, ఎక్కువ సందర్భాల్లో కారణం మూడో దశలో ఉంటుంది: పైపై వాక్యాన్ని పట్టుకుని అసలుదాన్ని వదిలేసి ఉంటారు. ఒకసారి వెనక్కి వెళ్ళి ఆ దశను మళ్ళీ చేయండి. అప్పటికీ కదలకపోతే ఈ నోటుబుక్కునే తీసుకుని క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు వెళ్ళండి. మొదటి రెండు మూడు సిటింగుల పని అందులో అప్పటికే జరిగి ఉంటుంది.

అంకెలు తగ్గినవారికి కూడా పాత వాక్యం తిరిగి వచ్చే రోజులు ఉంటాయి. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు, చిన్నప్పుడు ఆ మాట అన్న పెద్దాయనే వీధి అరుగు మీద కూర్చుని "ఏరా, ఇంకా అలాగే ఉన్నావా" అని పలకరించినప్పుడు అంకె ఒక్కసారిగా ఎనభైకి ఎగబాకవచ్చు. పండగ నాలుగు రోజులూ కొత్త పరీక్షలు పెట్టుకోవద్దు, కూర్చోవడం మాత్రం మానవద్దు. నోటుబుక్కును బ్యాగులోనే ఉంచుకుని, తిరుగు బస్సు ఎక్కాక, పాత అంకె పక్కన కొత్త అంకెను తేదీతో సహా వేయండి.